ట్రాక్టర్ వెనక మిషన్, మిషన్ వెనక కమిటీ

ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతికిపెట్టినందుకు నాకు జీతమిస్తారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అంటారు దాన్ని. ఎవరో నెలల తరబడి కూర్చుని ఒకటి తయారుచేస్తారు. నేను వెళ్లి, ఎక్కడ నొక్కితే విరుగుతుందో చూసి, విరగ్గొట్టి, చల్లగా ఒక మెయిల్ పెడతాను. ఈ వృత్తిలో ఇన్నేళ్లున్నాక మనిషికి స్నేహితులు తగ్గిపోతారు. కొత్త కుక్కర్ కొన్నా ముందు గాస్కెట్ పీకి చూస్తానని మావారు చుట్టాలకు చెప్పి నవ్విస్తుంటారు. పీకి చూడని వాళ్ల కుక్కర్లే పేలతాయని నేనూ చెబుతుంటాను. దానికి ఎవరూ నవ్వరు.

మాది నార్సింగిలో విల్లాల కాలనీ. అక్కడి గార్డెన్ కమిటీలో నన్ను వేసింది మొక్కల మీద ప్రేమ ఉందని కాదు. జనరల్ బాడీ మీటింగుల్లో ప్రతిదానికీ అడ్డం తగులుతున్నానని, లోపల కుర్చీ వేస్తే నోరు మూసుకుంటాననుకున్నారు. కాలనీ నడిబొడ్డున పెద్ద పచ్చిక ఉంది. ఒకప్పుడు ఆ నేలలో జొన్న పండేదట. ఇప్పుడక్కడ తినడానికీ, మేపడానికీ, ఆఖరికి తొక్కడానికీ వీల్లేని గడ్డి పెంచుతున్నాం. చుట్టూ నడవరాదని బోర్డులు. బాల్కనీల్లోంచి చూసి, ఎంత పచ్చగా ఉందో అనుకుని, లోపలికి పోయి ఏసీ వేసుకోవడానికి మాత్రమే అది ఉంది.

మా ప్రెసిడెంట్ గారు ఒక ఐటీ కంపెనీలో డెలివరీ హెడ్. ఆయన స్వయంగా ఏదైనా డెలివరీ చేయగా చూసినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. మంచి మనిషే. ఎవర్నీ గట్టిగా ఒక్క మాట అనరు. చెడ్డ వార్త చెప్పాల్సి వస్తే ఇంగ్లిష్‌లో చెబుతారు, అంతే.

ఇక మా ట్రాక్టర్ డ్రైవర్. నారాయణపేట వైపు మనిషి, యాభై దాటాయి. బోరు నీళ్లు చాలనప్పుడు పెద్ద ట్రాక్టర్‌కు ట్యాంకర్ కట్టి కాలనీ అంతా తిప్పి నీళ్లు పోసింది ఆయనే. ఆయన భార్య క్లబ్‌హౌస్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. పంపుహౌస్ వెనకున్న ఒక్క గదిలో ఇద్దరూ కాపురముంటున్నారు. పైపు నీళ్లు వచ్చాక ట్యాంకర్‌తో పని తీరిపోయింది, పెద్ద ట్రాక్టర్ అమ్మేశారు. అప్పుడు ప్రెసిడెంట్ గారు ఒక ఆలోచన చేశారు. చిన్న ట్రాక్టర్ ఒకటి, దాని వెనక తగిలించే గడ్డి కోసే మిషన్ ఒకటి కొందాం. జనరల్ బాడీ నాటికి అది సవ్యంగా నడిస్తే డ్రైవర్ ఉంటాడు, గదీ ఉంటుంది. నడవకపోతే పచ్చికను కాంట్రాక్టర్‌కు ఇచ్చేద్దాం, వాడి మనుషులు వాడికుంటారు.

ఆ సంగతి నాకు డ్రైవరే చెప్పాడు. "మిషిన్ నడిస్తె నా నౌకరి ఉంటది మేడం. నడవకుంటె గది ఖాళీ జెయ్యాలె. జర మీరు గూడ చూడుండ్రి" అన్నాడు. చూస్తానన్నాను.

మిషన్ ఒక ఉదయం డీసీఎం వ్యాన్‌లో దిగింది. డీలర్ పంపిన ఫిట్టర్‌కు ఇంకెక్కడో మరో డెలివరీ ఉందట, దిగినప్పటి నుంచి ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. బయట ఎండగా ఉందని, ఫొటోలు బాగా రావని, బిగింపు కార్యక్రమం క్లబ్‌హౌస్ కింద పార్కింగ్‌లో పెట్టారు. అద్దంలా మెరిసే నేల, పైన ట్యూబ్‌లైట్లు. కమిటీ అంతా వచ్చింది, ఒకరిద్దరు ఆఫీసు కాల్ మాట్లాడుతూనే వచ్చారు.

ఈ బిగింపు ఏమిటో చెప్పాలి, లేకపోతే మా వాళ్ల ఘనకార్యం అర్థం కాదు. ట్రాక్టర్ వెనక కింద రెండు ఇనప చేతులుంటాయి, పైన మధ్యలో ఇంకో కడ్డీ. ఆ మూడింటికీ మిషన్‌ను పిన్నులతో తగిలిస్తారు. ఇంజిన్ తిప్పే తిప్పుడును మిషన్ బ్లేడ్లకు అందించేది ఒక షాఫ్ట్. ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు అది. చేతులు లేపితే మిషన్ గాల్లోకి లేస్తుంది, దించితే నేల మీద కూర్చుంటుంది. కానీ అది బావిలో బొక్కెనలా నిలువుగా లేవదు. టైర్ల వైపు ముందుకు జరుగుతూ లేస్తుంది. దాంతో టైరుకూ మిషన్‌కూ మధ్య సందు తగ్గుతుంది, షాఫ్ట్ గొట్టాలు ఒకదానిలోకి ఒకటి ఇంకా లోపలికి దూరాల్సి వస్తుంది. దూరడానికి చోటు లేకపోతే ఆ గొట్టం పోయి గేర్‌బాక్స్‌ను పొడుస్తుంది. తిరుగుతుండగా విరిగిందంటే సీటు మీదున్న మనిషి కాలు ఉంటుందో పోతుందో చెప్పలేం.

ఫిట్టర్ మిషన్‌ను నేల మీదే ఉంచి తగిలించాడు. షాఫ్ట్‌ను బలవంతంగా నెట్టి టక్కుమనిపించాడు. ఇంజిన్ వేశారు. బ్లేడ్లు తిరిగాయి, పార్కింగ్ అంతా దద్దరిల్లింది, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లు వింటే అనుమానం పుడుతుంది, వృత్తి దోషం.

"పైకి లేపి చూపించండి" అన్నాను.

"లేపితే లేస్తది మేడం, కొత్తది గదా" అన్నాడు ఫిట్టర్, పానా సంచిలో వేసుకుంటూ.

"మనం దీన్ని మరీ ఓవర్‌థింక్ చేస్తున్నామేమోనండి" అన్నారు ప్రెసిడెంట్ గారు. అయినా ఆయన ప్రజాస్వామ్యవాది. అక్కడికక్కడే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టారు: మిషన్‌ను ఎత్తి చూడాలా, వద్దా. మిషన్ మా కళ్ల ముందుంది, ఎత్తే లివర్ డ్రైవర్ చేతి కిందే ఉంది. లాగితే నిమిషం పట్టదు. మేమంతా దాని చుట్టూ నిలబడి ఫోన్లు చూసుకున్నాం. వద్దన్నవాళ్లు భారీ మెజారిటీతో గెలిచారు. వాళ్లలో చాలామంది ఆ పూట మాదాపూర్ ట్రాఫిక్‌లో ఉన్నవాళ్లు. ఒకాయన సింగపూర్‌లో ఉన్నాడు.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. మా దగ్గర మజ్జిగ కూడా ఓటింగ్‌కు పెడతారు.

ఆ తర్వాత పూజ. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు. నేను ఆదివారం చర్చికి పోయే మనిషినే అయినా, చేతులు ఖాళీగా ఉన్నది నాకొక్కదానికేనని గుమ్మడికాయ నాకు పట్టించారు. మిగతా అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. మిషన్‌తో వచ్చిన పుస్తకాన్ని, దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, బొట్టు పెట్టి బానెట్ మీద పెట్టారు. మా కాలనీలో ఒక పుస్తకానికి అంత గౌరవం దక్కడం నేను అదే మొదటిసారి చూడటం.

మర్నాడు పొద్దున డ్రైవర్ తలకు రుమాలు చుట్టుకుని ట్రాక్టర్ ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భార్య క్లబ్‌హౌస్ మెట్ల మీద తడిగుడ్డ పట్టుకుని నిలబడి చూస్తోంది. మిషన్ తన చిన్న చక్రాల మీద వెనకే దొర్లుతుంటే, పార్కింగ్ ర్యాంప్ ఎక్కి పచ్చిక దాకా బాగానే వచ్చింది బండి. పచ్చిక చుట్టూ అరడుగు ఎత్తు గట్టు ఉంది. గట్టు దాటాలంటే మిషన్ లేపాలి. లేపాడు.

ముందు కరకరమన్న చప్పుడు. మిషన్ ముందంచు టైరును గీకుతోంది. ఆ వెంటనే షాఫ్ట్ బిగుసుకుపోయి, ట్రాక్టర్ వెనక భాగమంతా మూలిగింది. ఇంకా బ్లేడ్లు తిప్పడం మొదలుపెట్టలేదు, అదే అదృష్టం.

"అన్నా, ఆపండి" అని అరిచాను. ఆయన అప్పటికే దించేశాడు. కిందికి దిగి, టైరు మీద తెల్లగా పడ్డ గీతను బొటనవేలితో రుద్దాడు, రుద్దితే పోతుందన్నట్టు.

"ఏం గాలె మేడం. గిట్ల రెండు సుత్తె దెబ్బలేస్తె అంచు లోపటికి పోతది. నడుస్తది" అన్నాడు. ఆయన నాగళ్లు లాగాడు, రోటవేటర్లు లాగాడు, ట్యాంకర్లు లాగాడు. ఏ వస్తువైనా సుత్తి మాట వింటుందని ఆయన నమ్మకం. ఈ విషయంలో ఆయనకూ కమిటీకీ పెద్ద తేడా లేదు, ఆయనకు కనీసం సుత్తి పట్టడం వచ్చు.

సాయంత్రానికి కమిటీ అత్యవసర సమావేశం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మా వాళ్లు సోఫాల్లో కూర్చుని, బిస్కెట్లు తింటూ చేస్తారు. ప్రెసిడెంట్ గారు తెల్లబోర్డు తెప్పించారు. ఎందుకు జరిగింది, అది ఎందుకు జరిగింది అంటూ పైనుంచి కిందికి తవ్వుకుంటూ పోవడం ఐటీ కంపెనీల్లో ఒక పద్ధతి. టైరు ఎందుకు గీసుకుంది? సందు చాలక. సందు ఎందుకు చాలలేదు? టైరు వెనక్కి ఉబ్బి. ఎందుకు ఉబ్బింది? బరువు పడి. ఎవరి బరువు? అక్కడికొచ్చేసరికి అందరూ తలుపు దగ్గర నిలబడ్డ డ్రైవర్ వైపు చూశారు. ఆయన పాపం పొట్ట లోపలికి లాక్కున్నాడు.

ఒకాయన సన్నటి టైర్లు తెప్పిద్దామన్నాడు. ఇంకొకాయన మిషన్ ముందంచునే కోయించేద్దామన్నాడు. కొనే ముందు ట్రాక్టర్ టైర్లెంతో మిషన్ వెడల్పెంతో ఎవరైనా చూశారా అని నేనడిగితే, రెండింటి రంగూ ఒకటే ఉండేలా చూశామన్నారు. అబద్ధం చెప్పడం లేదు. రెండూ నారింజ రంగే.

నేను లేచి, పూజ చేసిన పుస్తకం తెచ్చి, అందరి ముందూ కవరు చించాను. ఒక్క ఇల్లాలు మాత్రం "అయ్యో, బొట్టు" అంది. అందులో బొమ్మలేసి మరీ చెప్పారు. షాఫ్ట్‌ను ప్రతి ట్రాక్టర్‌కూ తగ్గట్టు కొలిచి కోయాలట. ఏ ట్రాక్టర్‌కు పడుతుందో తెలియక ఫ్యాక్టరీ వాళ్లు పొడవుగానే పంపుతారు. పై కడ్డీ పొడవు మార్చుకోవచ్చు, పక్క గొలుసులు బిగించుకోవచ్చు. బిగించాక ఇంజిన్ ఆపి, కింద నుంచి పైదాకా మెల్లగా ఎత్తుతూ ప్రతి ఎత్తులోనూ సందు చూసుకోవాలని పెద్ద అక్షరాల్లో ఉంది.

"మనం ఓటింగ్ పెట్టింది దీనికేనండి" అన్నాను. ఇంకో ప్లేటు బిస్కెట్లు వచ్చాయి.

కొత్త వస్తువును కోస్తే వారంటీ పోతుందేమోనని ఒక లాయరు గారు మెల్లగా అన్నారు. పోయేది డ్రైవర్ కాలు అని నేను మెల్లగా అనలేదు.

ఆ శనివారం నేనూ డ్రైవరూ కలిసి కూర్చున్నాం. ట్రాక్టర్‌ను పార్కింగ్‌లోంచి బయటికి, చదునైన సిమెంటు రోడ్డు మీదికి తెప్పించాను. షాఫ్ట్ ఊడదీసి, మిషన్‌ను అంగుళం అంగుళం లేపుతూ, షాఫ్ట్ తగిలే ట్రాక్టర్ కొసకూ మిషన్ కొసకూ దూరం ఎక్కడ అన్నిటికన్నా తక్కువవుతుందో టేపు పెట్టి చూశాం. గొట్టాలు రెండూ పక్కపక్కన పెట్టి సుద్దతో గీత గీశాం. పైకి లేచినప్పుడు గుద్దుకోకూడదు, కిందికి దిగినప్పుడు ఒకదానిలోంచి ఒకటి ఊడిపోకూడదు, ఆ రెంటి మధ్యా ఉంది కిటుకంతా. డ్రైవర్‌కు ఓపిక లేదు. "ఒక్క వేలు సందు చాలదా మేడం" అని నస పెట్టాడు. చాలదన్నాను. గట్టు మీద బండి కుదిపితే ఆ వేలు సందు మాయమవుతుందని కోప్పడ్డాను కూడా.

మెయిన్ రోడ్డు మీది వెల్డింగ్ షాపులో గొట్టాలు రెండూ సమానంగా కోయించాం, పైన ప్లాస్టిక్ తొడుగులు కూడా. అంచుల గరుకు ఆకురాయితో రాయించి, గ్రీజు పట్టించాం. పై కడ్డీ మర తిప్పి మిషన్ ముందంచు వాలును సరిచేశాం. మిషన్ అటూ ఇటూ ఊగి టైరును తాకకుండా పక్క గొలుసులు బిగించాం. మధ్యలో ప్రెసిడెంట్ గారు జాగింగ్ బూట్లతో వచ్చి, "ఎంత పర్సెంట్ అయిందండి?" అనడిగారు. "షాఫ్ట్ కోశామండి" అన్నాను. "అంటే సగం అనుకోవచ్చా?" అన్నారు. అనుకోమన్నాను. సంతోషంగా పరుగెత్తుకుంటూ వెళ్లి గ్రూపులో సగం అయిందని పెట్టారు.

ఆఖరికి డ్రైవర్ లివర్ లాగాడు. నేను నేల మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాను. మిషన్ కింద నుంచి పైదాకా ఎక్కడా ముట్టుకోకుండా, చప్పుడు లేకుండా లేచింది. టైరుకూ అంచుకూ మధ్య నా చెయ్యి నిలువుగా పెట్టినా ఇంకా చోటుంది. నిజం చెబుతున్నాను, ఇన్నేళ్లలో నేను పాస్ చేసిన ఏ సాఫ్ట్‌వేరూ నాకంత ఆనందం ఇవ్వలేదు. డ్రైవర్ మళ్లీ దించాడు, మళ్లీ లేపాడు, ఊరికే.

"మంచిగ కుదిరింది మేడం. ఇగ ఫికర్ లేదు" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన భార్య మా ఇంటికి సర్వపిండి చేసి పంపింది.

తర్వాతి వారం పచ్చిక మొత్తం టిఫిన్ల వేళకు కోసేశాడు. ముందు నలుగురు ఆడవాళ్లు తోపుడు మిషన్లతో వారమంతా కిందామీదా పడే పని అది. గడ్డి తివాచీ పరిచినట్టుంది. బాల్కనీల్లోంచి ఫొటోలు తీసి గ్రూపులో పెట్టుకున్నారు, బొటనవేళ్లు కురిశాయి.

జనరల్ బాడీ రోజు డ్రైవర్ వెనక వరసలో కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. ప్రెసిడెంట్ గారు తెర మీద బొమ్మలు వేసి చూపించారు. కోయకముందు పచ్చిక, కోశాక పచ్చిక. నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. చప్పట్లు వింటే నాకు అనుమానం పుడుతుందని చెప్పాను కదా. తర్వాతి బొమ్మలో ఒక గుండ్రం, దానిలో సన్నటి ముక్క ఒకటి ఎర్రగా. డ్రైవర్ వారంలో పనిచేసే వేళ ఆ ముక్క. మిగిలిన గుండ్రమంతా ఖాళీ. మిషన్ ఇంత చక్కగా కుదిరింది కాబట్టి, పని ఒక్క పూటలో తీరిపోతోంది కాబట్టి, ఇక పూర్తికాలం డ్రైవర్ అవసరం లేదన్నది ఆయన తేల్చిన లెక్క. ఏజెన్సీ వాళ్లు వారానికోసారి ఒక మనిషిని పంపుతారు. మిషన్ వానకు తడిస్తే తుప్పు పడుతుంది కాబట్టి పంపుహౌస్ వెనక గదిని దానికి షెడ్డుగా మార్చాలి.

అన్నీ ఇంగ్లిష్‌లోనే చెప్పారు. డ్రైవర్‌కు అర్థం కాలేదు. చప్పట్లకు నవ్వినవాడు ఆ నవ్వు అలాగే పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను లేచాను. మిషన్ నడిస్తే ఆయన్ని ఉంచుతామన్నది మీరేనన్నాను. నడిచింది కాబట్టే తీసేస్తున్నారా అన్నాను. అది గది కాదు, ఒక సంసారం ఉంటున్న ఇల్లు అన్నాను. చివరి మాట అరిచే అన్నాను.

"మనం ఎవర్నీ తీసేయడం లేదండి, రోల్‌ను రీఅలైన్ చేస్తున్నాం" అన్నారు ప్రెసిడెంట్ గారు, ఎంతో మృదువుగా. చేతులెత్తమన్నారు. ట్యాంకర్ నీళ్ల కోసం పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి అన్నా అన్నా అని బతిమాలిన చేతులన్నీ లేచాయి. మీటింగ్ వివరాల్లో నా మాటలకు ఒక్క వాక్యం దక్కింది: సభ్యురాలి భావోద్వేగాన్ని సభ గుర్తించింది.

కమిటీకి ఆ సాయంత్రమే రాజీనామా పంపాను. ఎవరూ వెనక్కి తీసుకోమనలేదు. ఆయనకు వేరే పని కోసం నాలుగు చోట్ల అడిగాను. బాచుపల్లిలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ సైటులో నీళ్ల ట్యాంకర్‌కు డ్రైవర్ కావాలన్నారు. రేకుల షెడ్డు ఇస్తారట. అంత దూరం నుంచి రోజూ రావడం కుదరదు కాబట్టి ఆయన భార్య కూడా క్లబ్‌హౌస్ పని మానేసింది.

వాళ్లు వెళ్లే రోజు ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. మంచం, గ్యాస్ పొయ్యి, ప్లాస్టిక్ కుర్చీలు, టీవీ ఒకటి దుప్పట్లో చుట్టి. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఆపారు. బయటికి పోయే సామానుకు ఎవరో ఒక విల్లావాళ్లు ఫోన్‌లో అనుమతి ఇవ్వాలి. "మేడం, గీ సామాను ఆయనదేనా" అని అడిగాడు గార్డు, ఆయన ముందే. ఆయనదేనని నేను నా ఫోన్‌లో నొక్కాను. నాకు సిగ్గేసింది, గార్డుకు కూడా వేసినట్టుంది, దుప్పటి విప్పి చూడలేదు.

డ్రైవర్ నా దగ్గరికొచ్చాడు. "మీరు గంత మంచిగ బిగియ్యకపోతె బాగుండు మేడం" అన్నాడు. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు.

"సరిగా బిగించకపోతే మీ కాలు పోయేదన్నా" అన్నాను.

"కాలు పోయుంటె ఇజ్జత్ కోసమన్న ఉంచుకుందురు" అన్నాడు. అని, ఆటో వెనక ఎక్కి, టీవీ పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, భార్యకు పక్కన చోటిచ్చాడు.